ఇగ్నాజ్దెన్ నాటి తొలి మెసేజ్

మా గుమ్మానికి ఎదురు గుమ్మం తొదోర్కాది. పసిపిల్లల బడిలో వంటమనిషిగా చేసి రిటైరైంది. మొగుడు పోయాక ఆమెకు ఫోనే కాలక్షేపం. డిసెంబరు మొదట్లో వచ్చే నికోలా పండగ మొదలు కొత్త సంవత్సరం దాకా రోజూ పొద్దున్నే మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఇంటర్నెట్ వింత ఒకటి పెడుతుంది. మేకకు స్వెట్టరు అల్లి తొడిగిన పోస్ట్‌మ్యాన్, పియానో మీద నడుస్తూ పండగ పాట వాయించిన పిల్లి, మంచుతో బస్టాపు కట్టి అందులో బస్సు కోసం నిజంగానే నిలబడిన ముసలాయన. ఏ దేశం పేజీల్లోంచి తవ్వుకొస్తుందో తెలియదు. ఆమెకు వచ్చింది ఒక్క బల్గేరియన్ భాషే, అదీ ఎక్కువగా అరవడానికే వాడుతుంది.

వాటికి రెండు మూడు హార్టులు వచ్చేవి. మా అపార్ట్‌మెంటు పెద్ద కూంచో బొటనవేలి బొమ్మ పెట్టేవాడు. ఆ మాత్రానికే ఆ రోజంతా ఆమె కాళ్లు నేలమీద ఆనేవి కావు.

ఇక క్రిస్మస్‌కు అయిదు రోజుల ముందొచ్చే ఇగ్నాజ్దెన్ పండగ సంగతి. ఆ రోజు ఇంట్లో మొదట ఎవరు అడుగు పెడితే ఏడాదంతా ఆ ఇంటికి వాళ్ల అదృష్టమే. ఏడాది బాగా గడిస్తే మళ్లీ ఆ మనిషినే పిలుస్తాం. బాగా గడవకపోతే చప్పుడు చేయకుండా ఇంకొకరిని చూసుకుంటాం. మా గ్రూపుకీ ఇదే ఆనవాయితీ అంటించాం. ఆ పొద్దున తొలి మెసేజ్ ఎవరిదైతే వాళ్లదే తొలి అడుగు. గ్రూపు పుట్టిన దగ్గర్నుంచీ ఆ గౌరవం తొదోర్కాదే. బతుకులో ఆమెకు దక్కిన పెద్దరికం అదొక్కటే, దాన్ని ఎంత అపురూపంగా చూసుకునేదో నాకు తెలుసు.

ఈ ఏడాది మాకేదీ కలిసిరాలేదు. లిఫ్టు పాడై వేసవంతా మెట్లెక్కాం. కింద సామాన్ల కొట్లలోకి నీళ్లొచ్చి అందరి ఊరగాయ క్యాబేజీ పీపాలూ తేలాయి. కూంచో మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. శరత్కాలంలో పై అంతస్తులోకి సిర్మా అనే పిల్ల దిగింది. కళ్లజోళ్ల దుకాణంలో పని, బుగ్గన సొట్ట, ఎదురుపడితే సంచి అందుకునే రకం. నికోలా పండగ మర్నాటి నుంచి తనూ గ్రూపులో వింతలు పెట్టడం మొదలుపెట్టింది. హార్టులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. కూంచో అయితే, "ఎక్కడ దొరుకుతాయమ్మా నీకివి?" అని రాశాడు. తొదోర్కాను ఆయన ఆ మాట ఏనాడూ అడగలేదు.

"ఆ పిల్ల పెట్టినవి నేను చచ్చినా చూడను" అంది తొదోర్కా. అన్నట్టే బొమ్మ మీద బొటనవేలు అడ్డం పెట్టుకుని, కింద హార్టులు మాత్రం లెక్కపెట్టేది.

"చూడనప్పుడు లెక్కెందుకే?" అన్నాను.

"నా కడుపుమంట నా ఇష్టం. నీకేంటి, స్తాంకా?"

నిజంగానే మండిపోయేది. సిర్మా బూట్ల చప్పుడు వినబడితే తలుపు వేసేసేది. ఆ పిల్ల నవ్వు దొంగ నవ్వంది, జుట్టు రంగేసిందంది. ఓ రోజు ఆ పిల్ల తొదోర్కా బరువు సంచిని పైదాకా మోసిపెడితే, "మంచిదనిపించుకోవాలని ఎంత తాపత్రయమో చూడు" అంది.

ఇగ్నాజ్దెన్ ముందురోజు కూంచో కర్ర పొడుచుకుంటూ తొదోర్కా ఇంటికి వచ్చాడు. నేను అక్కడే కాఫీ తాగుతున్నాను.

"తొదోర్కా, ఏమీ అనుకోవద్దు. ఈ ఏడు ఎలా పోయిందో చూశావు కదా" అన్నాడు.

"లిఫ్టు నేను పాడుచేశానా?"

"అనలేదు. రేపు తొలి మెసేజ్ సిర్మాను పెట్టమన్నాం. అందరి మాటా అదే."

ఆయన వెళ్లాక తొదోర్కా ఏడ్చింది. నాకు ఒళ్లు మండింది. ఆయన కాలు విరిగితే ఈమె పెట్టిన పిల్లి ఏం చేసింది?

ఇగ్నాజ్దెన్ పొద్దున ఆమె ఒక్కతే ఉంటే ఏం చేసుకుంటుందోనని బయల్దేరాను. నేను గుమ్మం దాటేలోపే మెట్ల మీంచి సిర్మా పరుగున దిగొచ్చి, తొదోర్కా తెరిచిన తలుపులోంచి నేరుగా లోపలికి పోయింది. తొదోర్కా మొహం చూడాలి. ఏ మనిషి నీడ గిట్టదో ఆ మనిషే ఆమె ఇంటికి తొలి అడుగు. అయినా ఆచారం ఆచారమే. తొలి అడుగు వేసినవాళ్లు కూర్చోవాలి, అప్పుడే కోళ్లు పొదుగుతాయి. మాకెవరికీ కోళ్లు లేవు, అయినా కూర్చోబెడతాం. తొదోర్కా పళ్లు బిగించి కుర్చీ చూపించింది, ఉడికించిన గోధుమలు, గుమ్మడికాయ కూరి చుట్టిన రొట్టె ముందు పెట్టింది.

"పిన్నీ, నా దగ్గర గ్రూపులో పెట్టడానికి ఏమీ లేవు. అమ్మ పంపేది, ఈసారి అయిపోయాయంది. నువ్వు బాగా వెతుకుతావంట కదా, ఒకటివ్వవా?" అంది సిర్మా.

"మీ అమ్మకెవరు పంపుతారు?"

"మా ఊరు స్విష్తోవ్‌లో పక్కింటి గీనా అత్త. పోయినేడాది పంపినవన్నీ అమ్మ దాచుకుంది."

గీనా తొదోర్కాతో కలిసి బడిలో వంట చేసిన మనిషి. దొరికిన ప్రతి వింతనూ తొదోర్కా మొదట పంపేది ఆమెకే.

తొదోర్కా ఫోను తీసింది. సిర్మా పెట్టినవన్నీ మొదటిసారి చూసింది. స్వెట్టరు మేక. పియానో పిల్లి. బస్టాపు ముసలాయన. ఒక్కటీ కొత్తది కాదు. నేనూ వాటికి హార్టులు పెట్టాను, నాకూ గుర్తు రాలేదు. ఆమె నావైపు చూసిన చూపుకి నేను గోధుమల గిన్నెలోకి తల దించుకున్నాను.

"ఇవాళ ఇంట్లోంచి ఏదీ బయటికివ్వకూడదమ్మా, అదృష్టం పోతుంది. ఇంకేం, తిని వెళ్లు" అంది చల్లగా.

పిల్ల తినేసి, దండం పెట్టి పైకి వెళ్లింది.

"చెప్పొచ్చుగా, అవన్నీ నీవేనని" అన్నాను.

"చెప్తే? మేక మారుతుందా? అదే మేక, స్తాంకా. నేను పెడితే ఎవడికీ కనబడలేదు, సొట్టబుగ్గ పెడితే ముద్దొచ్చింది."

ఆమె ఎవరికీ పంపకుండా, గీనాకు కూడా పంపకుండా దాచుకున్నదొకటి బయటికి తీసింది. ఏదో ఊళ్లో బాతుల గుంపు పండగ ఊరేగింపులో దూరి, బ్యాండువాళ్ల వెనక వరుస తప్పకుండా నడుస్తోంది. గ్రూపులో పెట్టేసింది.

"ఇంట్లోంచి ఏదీ ఇవ్వకూడదన్నావు?"

"ఇది ఇంట్లోది కాదు, ఫోన్లోది."

తొలి మెసేజ్ ఆమెదే అయింది. ఇద్దరం ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. అందరూ చూసినట్టు కనబడుతూనే ఉంది. ఒక్క హార్టూ రాలేదు. కూంచో ఏదో టైపు చేయబోయి మానేశాడు. నేను పెట్టబోతే తొదోర్కా చేతిమీద కొట్టింది.

"జాలి హార్టు నాకొద్దు."

అప్పుడొచ్చింది ఒకటి, సిర్మాది. కింద రాసింది: "మా తొలి అడుగు పిన్నిదే. ఏడాదంతా ఈ బాతుల్లా నవ్విస్తూ ఉండాలి." ఇక ఆగలేదు. రెండో అంతస్తు, నాలుగో అంతస్తు, కూంచో, కూంచో పెళ్లాం, అందరివీ ఎర్రగా వచ్చిపడ్డాయి. అన్నేళ్లలో ఆమెకు అన్ని ఎన్నడూ రాలేదు.

"ఇంకేం కావాలే నీకు?" అన్నాను.

తొదోర్కా వేలితో వాటిని ఒక్కొక్కటిగా కిందినుంచి పైకి లెక్కపెట్టింది. మొదటిదాని దగ్గర వేలు ఆగిపోయింది.

"ఆ పిల్ల పెట్టాకే పెట్టారు, చూశావా?"