నాకు కంఠతా వచ్చిన సాక్ష్యం

నిన్న సాయంత్రం మా చర్చి కార్యదర్శి ఇంటికి వచ్చి ఒక కరపత్రం చేతిలో పెట్టాడు. ఇంకా తడి ఆరలేదు. సిరాలో కలిసిన కిరసనాయిలు వాసన గుప్పున కొట్టింది. ఉజ్జీవ సభల్లో మూడోరోజు ఎవరో విడుదల పొందిన త్రాగుబోతు సాక్ష్యం చెబుతాడట. "వచ్చే ఏడాది మీరే చెప్పాలి సార్. మానేసి ఇన్నేళ్లయింది కదా, వినేవాళ్లకు ఆదరణగా ఉంటుంది" అన్నాడు. మనిషి మంచివాడే. ఆ వయసులో నేనూ అంత మంచివాణ్నే. అందుకే అతణ్ని చూస్తే నాకు భయం వేసింది.

ఏసుపాదం గారు అప్పట్లో సికింద్రాబాదులో ఒక చిన్న అచ్చాఫీసులో ఫోర్‌మన్. నాకు అక్షరాలు పేర్చే పని నేర్పింది ఆయనే. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి బొల్లారంలో బడిపంతులుగా స్థిరపడ్డాడు. ఆయన చదువు నాకు అబ్బక ఆ అచ్చాఫీసులో తేలాను. ఆదివారం మాత్రం నేనూ పెద్దమనిషినే, చర్చి యువజన సంఘం కార్యదర్శిని. ఏసుపాదం గారు మా సంఘానికి దొరికిన నిధి. ఒకప్పుడు పీకలదాకా తాగిన మనిషి. జ్వరంతో ఉన్న నాలుగేళ్ల కూతురికి మందు తేవడానికి వెళ్లి, తిరుగుదారిలో కల్లు కాంపౌండులో కూర్చుండిపోయారు. దీపాలు పెట్టే వేళకు మందు సీసాతో ఇంటికి చేరేసరికి పాప పోయింది. ఆ రోజు నుంచి ఆయన చుక్క ముట్టలేదు. ఈ సంగతి ఏటా చలికాలం సభల్లో చెప్పించేవాళ్లం. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చేవారు, మగవాళ్లు ముందుకొచ్చి మోకరించేవారు. అంతకంటే మాకు కావలసిందేముంది!

కరపత్రం అచ్చయ్యేది కూడా మా దగ్గరే. "విడుదల పొందిన త్రాగుబోతు" అన్న మాటను అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఆయనే పేర్చి, దాని కింద తన పేరు తానే పేర్చుకునేవారు. ఒకసారి ఆ వరుసను చేతిలో పట్టుకుని, "గీ మాట ఇంకెన్నేండ్లు పెడ్తం తమ్మీ? విడుదలైనోన్ని జైలు గేటుకాడనే నిలవెట్టిండ్రు గద" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వి, చివరి అక్షరం కొంచెం వంకరగా ఉందని చూపించాను.

ఆ తర్వాతే, నలభై ఎనిమిది సెప్టెంబరులో, పోలీసు చర్య వచ్చింది. ఊరంతా తలుపులు బిగించుకుని విమానాల చప్పుడు వింటూ కూర్చున్న ఆ ఐదు రోజులూ ఏసుపాదం గారు అచ్చాఫీసులోనే ఉండిపోయారు. ఆయనతోపాటు లోపల ఇంకెవరో ఉన్నారని చూచాయగా విన్నాను. ఆ చలికాలం కరపత్రం రాసుకుని వెళితే ఆయన చేయి తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నారు.

"ఈసారి పాప సంగతి వద్దు తమ్మీ. ఆ ఐదు దినాల సంగతి చెప్తా. నేను తాగుడు ఇడిసినందుకు ఇంకో మనిషికి ఫాయిదా అయిందంటే గప్పుడే అయింది. మా ఇంటామె మరియమ్మ సుత గదే చెప్పమన్నది."

"అది రాజకీయం అవుతుంది మాస్టారూ. జనం పాప సంగతి వినడానికి వస్తారు. అది వింటేనే కదా నలుగురు మారేది" అన్నాను.

ఆయన "సరే, సెక్రెట్రీవి నువ్వు. నీ ఇష్టం" అని లేచి వెళ్లిపోయారు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

సభలో ఆయన మామూలుగానే మొదలుపెట్టారు. కల్లు కాంపౌండు దాకా వచ్చి ఆగిపోయారు. పందిరి కింద జనమంతా ఎదురుచూస్తున్నారు. వేదిక పక్కన నిలబడ్డ నాకు ఆ సాక్ష్యం కంఠతా వచ్చు. నాటకంలో మాట మరిచిన వేషగాడికి అందించినట్టు, "మందు సీసా..." అని అందించాను. ఆయన నా వైపు తిరిగి చూశారు. తర్వాత మిగిలిందంతా గడగడా ఒప్పజెప్పేశారు. అది పూర్తికాకముందే ఆడవాళ్ల వైపు చాపమీద నుంచి మరియమ్మ గారు లేచి, జనం మధ్య నుంచి నడుచుకుంటూ బయటికి వెళ్లిపోయారు. ఆ పాపకు ఆమె తల్లి అని, ఏటా ఆ చావును ఆమె కూడా కూర్చుని వింటోందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఇంత చదువూ ప్రార్థనా ఉన్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

వాళ్లిద్దరూ మళ్లీ చర్చి గడప తొక్కలేదు. నెల తిరక్కుండానే "ఏసుపాదం మళ్లీ మొదలుపెట్టాడట" అన్నారు పెద్దలు. నేను నమ్మాను. ప్రూఫు చూపించే నెపంతో ఆయన మీదికి వంగి వాసన చూశాను. ఆయన తల ఎత్తి, "దూరం నుంచి ఏం తెలుస్తది సెక్రెట్రీ, ఇంక జెర దగ్గరికి రా" అని నా మొహం మీద హా అని ఊదారు.

"ఏమొచ్చింది?"

"ఉల్లిగడ్డ" అన్నాను తలవంచుకుని.

"గదే కరపత్రం ఏసి పంచు" అన్నారు.

నేను ఎవరికీ చెప్పలేదు. ఉల్లిగడ్డ సాక్ష్యం వినడానికి ఎవరొస్తారు? నా పిరికితనానికి ఆ రోజుల్లో నేను పెట్టుకున్న పేరు విధేయత.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న ఆ చివరి సంవత్సరాల్లో నాకు ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ దొరికింది, దాంతోపాటు సాయంత్రాల స్నేహితులూ దొరికారు. సాయంత్రాలకు మొదలైన తాగుడు పొద్దున్నే నోరు కడుక్కునే వేళకు వచ్చింది. ఉద్యోగం పోయింది. సంఘం నన్ను వెలివేయలేదు కానీ, నా సాక్ష్యం ఎప్పుడు పండుతుందా అని చూసే చూపులు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అవి నా చూపులే. ఆ చూపులు తప్పించుకుని ఏసుపాదం గారి దగ్గరికి వెళ్లాను.

"ఎందుకు తాగినవని అడగ. ఎందుకు ఇడుస్తున్నవని సుత అడగ" అన్నారాయన. "మానుడు ఒక్క దినం పని. మానినంక పొద్దు పోవుడే తక్లీఫ్. ఐదింటికి రా."

రోజూ ఐదింటికి వెళ్లేవాణ్ని. అచ్చయిపోయిన పేజీలోని సీసపు అక్షరాలను కిరసనాయిలుతో కడిగి, విడదీసి, దేని గడిలో దాన్ని వేయడం నా పని. మొదట్లో సగం జారి కింద పడేవి. ఆయన వంగి ఏరేవారు. ఇంటికి వెళ్లే దారి మార్చించారు. జేబులో బెల్లం ముక్క పెట్టుకోమన్నారు. తాగే స్నేహితులు రెండు వారాల్లో మాయమయ్యారు, తాగనివాళ్లు నన్ను ఇంకా దగ్గరికి రానివ్వలేదు. సాయంత్రాలు అంత పొడవుంటాయని నాకు అంతకుముందు తెలియదు. ఆ గడుల ముందు నిలబడి ఒకరోజు ధైర్యం చేసి, "ఆ ఐదు రోజుల సంగతి ఇప్పుడు చెప్పండి మాస్టారూ, వింటాను" అన్నాను.

ఆయన చేతిలోని అక్షరాన్ని గడిలో వేసి, "చెప్తనన్ననాడు యాదికుండె. ఇప్పుడు లేదు" అన్నారు. మళ్లీ ఎప్పుడూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన పోయినప్పుడు సమాధి దగ్గర పాస్టరు గారు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ముందుకు వచ్చి నిలబడ్డాను. నోటిదాకా వచ్చిన మొదటి మాట "మందు సీసా". దాన్ని మింగేశాను. ఇంకో మాట కోసం ఎంత వెతికినా దొరకలేదు. అందరూ ఎదురుచూస్తున్నారు. మరియమ్మ గారు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు.

"కూసో బిడ్డా" అన్నారు. "నీకు ఆయన తెల్వదు."

నిన్న కార్యదర్శితో నేను సాక్ష్యం చెప్పనని అనేశాను. నొచ్చుకున్నట్టున్నాడు, కరపత్రం ఇక్కడే వదిలి వెళ్లాడు. ఇప్పటికీ ఐదు కాగానే నా చేతులు పని వెతుక్కుంటాయి, ఆ చేతుల్లోని ప్రాణం ఆయన పెట్టిందే. పాప సంగతి నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో సహా. ఆ ఐదు రోజుల గురించి మాత్రం ఒక్క ముక్క తెలియదు.