రిజిస్టర్ పెళ్లి, బాపు సంతకం

మొన్న మా మనుమరాలు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి పెళ్లి చేసుకుని, మెట్లు దిగుతూనే తన పన్ను లెక్కలు చూసే అతనికి ఫోన్ చేసి, పెళ్లయింది కదా, నా పన్నులో ఏమైనా మారుతుందా అని అడిగింది. ఏమీ మారదన్నాడట. ఆమె నవ్వి ఫోన్ సంచిలో వేసుకుంది. నేను మాత్రం ఆ మెట్ల మీదే నిలబడిపోయాను. అలాంటి సంతకమే ఒకప్పుడు జమ్మికుంటలో మా ఇంటిని రెండు చేసింది.

అది అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం సద్దుమణిగిన తర్వాతి సంగతి. నేను బడిపంతులుని. ఎక్కడ సభ జరిగితే అక్కడికి పోయి, పురోహితుడు లేని పెళ్లే మనుషుల పెళ్లి అని గొంతు చించుకునేవాణ్ణి. చెప్పింది చేసి చూపాలి కనుక, మందమర్రి బొగ్గుబాయి కార్మికుడి బిడ్డను, మా కులం కాని పిల్లను, కరీంనగర్‌లో రిజిస్టర్ పెళ్లి చేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మా నాన్న, మేం బాపు అని పిలిచేవాళ్లం, చాలా రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున కోడలు చేసిన జొన్నరొట్టె తిని, రొట్టె మంచిగ జేసిందని వదినతో అన్నాడు. ఆ గొడవ అంతటితో ముగిసిందనుకున్నాం.

మాది ఉమ్మడి కుటుంబం. బాపు, అన్న కలిసి అడ్తి దుకాణం నడిపేవారు, అంటే రైతులు తెచ్చిన పత్తిని అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారం. ఇంటిపెద్దగా బాపు ఒక్క సంతకంతో ఇల్లంతటి పన్ను కట్టేవాడు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఊళ్లో పన్ను కట్టేవాళ్లే తక్కువ, కట్టడం కూడా ఒక పరువు.

ఆ ఏడు పన్ను పని చూసే వకీలు కరీంనగర్ నుంచి ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ నా పెళ్లి ముచ్చట అడిగాడు. నేను గర్వంగా, ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నానని చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టాడు.

"పటేలా, గట్లయితే నీ చిన్నకొడుకు లగ్గమైన దినమే ఇంట్లకెళ్లి వేరువడ్డడు."

ఆ చట్టం కింద పెళ్లాడిన హిందువు ఆ క్షణం నుంచే ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టని, ఇక నా వాటా ఆదాయానికి నేను విడిగా పన్ను కట్టాలని వివరించాడు. పైగా, ఆదాయం రెండు చోట్ల పడితే మొత్తం మీద పన్ను తగ్గుతుందని సంతోషపడ్డాడు కూడా. వదిన వంటింటి గడప మీదే కూలబడింది. అన్న నా వైపు చూడలేదు. పురోహితుడి నుంచి నన్ను విడిపించిన చట్టమే, కుల పంచాయతీలాగా నన్ను ఇంటి నుంచి వెలివేసింది. పంచాయతీనైతే నడిబజారులో నిలదీసేవాణ్ణి, ఢిల్లీలో రాసిన చట్టాన్ని ఎక్కడికి పోయి నిలదీసేది?

"పన్ను ఎక్కువైతె ఎక్కువే కడ్త వకీలు సాబ్," అన్నాడు బాపు. "నా కొడుకు వేరువడ్డడని నా చేత్తోని రాయ."

అది మీ చేతుల్లో లేదు, కలిసే ఉన్నామని రాస్తే అబద్ధమవుతుందన్నాడు వకీలు. తర్వాత, ఓ మంచిరోజు చూసి పురోహితుణ్ణి పిలిచి తాళి కట్టిస్తే, అదే అసలు లగ్గమని చెప్పుకోవచ్చని గొంతు తగ్గించి అన్నాడు. అందరూ నా ముఖం చూశారు. నేను నోరు తెరిచేలోపే నా భార్య లోపలి నుంచి వచ్చింది.

"మామా, మల్లోసారి లగ్గం జేసుకుంటె మొదటిది అబద్ధమా? సంతకం పెట్టుండ్రి. కాయితం మీది మాటే గద. మనం ఎట్లున్నోళ్లం గట్లనే ఉంటం."

బాపు కోడలి వైపు ఒకసారి చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

తెల్లారి లేచి చూస్తే, వాకిలికి అవతలి అర్రలో, ఆ ఖాళీ గదిలో, బాపు గొంతుకూర్చుని ఎర్రమట్టిలో ఊక కలిపి పొయ్యి వేస్తున్నాడు. మా దిక్కు రెండో పొయ్యి వెలిగితేనే అన్నదమ్ములు వేరుపడ్డట్టు, అప్పటిదాకా ఎన్ని తగాదాలైనా ఇల్లు ఒక్కటే. నేను అదిరిపడి, ఇదేంది బాపూ అన్నాను. ఆయన తల ఎత్తలేదు.

"మరి నేను అబద్ధం మీద సంతకం పెట్టిన్నా?"

వదిన ఏడుస్తూనే గిన్నెలు, బియ్యం పంచింది. తన మాటే ఇలా తిరగబడుతుందని ఊహించని నా భార్యే ఆ పొయ్యి వెలిగించింది. మరునాటి సాయంత్రం బాపు, తను కట్టించిన ఇంట్లో తనే వేసిన పొయ్యి ఉన్న అర్ర ముందు ఆగి, "ఇంట్ల ఉన్నరా బిడ్డా?" అని చుట్టంలాగా పిలిచాడు. పిలిస్తే గానీ లోపలికి రాలేదు. బతికినన్నాళ్లూ అంతే.

కొన్నేళ్లకు ఆ చట్టాన్ని సవరించారు. ఇద్దరూ హిందువులైతే ఇక వేరుపడినట్టు కాదట. నేను పేపరు పట్టుకుని దుకాణానికి పరుగెత్తాను. అంతా విని బాపు, మరి అప్పుడే వేరుపడ్డోళ్లో అని అడిగాడు. దాని గురించి పేపర్లో ఏమీ లేదు. సరేనని తల ఊపి పత్తి బేరంలో పడిపోయాడు.

చెప్పిందే చెయ్యాలని వందల సభల్లో అరిచాను. చెప్పింది అక్షరాలా చేసిన మనిషిని ఒక్కణ్ణే చూశాను, ఆయనేమో నా సభలకు ఎన్నడూ రాలేదు. ఇప్పుడు మా పిల్లలు తలా ఒక ఊళ్లో వండుకుంటారు, ఎవరి పన్ను వాళ్లు కట్టుకుంటారు, ఎవరూ ఉలిక్కిపడరు. ఈ సంగతి చెబితే, ఒక పొయ్యికి అంత ఏడుపెందుకు తాతా అంటారు. నిజమే, పొయ్యిదేముంది, మట్టే కదా అంటాను. అని, ఆ పూట అన్నం సయించక లేచిపోతాను.