ముందే మోగిన దియానా

ఆట చూసేవాడికి ఆట మంచిచెడ్డలతో సంబంధం లేదని సాధారణంగా అందరూ అనుకుంటారు. మైదానంలో కొట్టేవాడు కొడతాడు, పట్టేవాడు పడతాడు, మెట్ల మీద కూర్చున్నవాడు గొంతు బొంగురుపోయేదాకా అరిచి ఇంటికి పోయి అన్నం తింటాడు. అతని అరుపు బంతిని ఒక్క అంగుళమైనా కదిలించదు కాబట్టి గెలుపులో అతనికి వాటా లేదు, తప్పులోనూ లేదు. ఈ అభిప్రాయం ఎంత సౌకర్యమైనదో అంత పాతది. సాన్ బ్లాస్ అనే ఊళ్ళో దీన్ని అందరికంటే గట్టిగా నమ్మినవాడు లియోన్సియో పుతోయ్.

వారమంతా అతను ఇంటి వెనక రేకుల పాకలో నూలుతో ఊయలలు అల్లేవాడు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బాకా చంకలో పెట్టుకుని బేస్‌బాల్ స్టేడియానికి వెళ్ళేవాడు. అక్కడ మూడో బేస్ వైపు మెట్ల మీద ఊరి బాజా బృందానికి ఒక మూల ఉంది. బృందానికి పెద్ద అతనే, అతనికి ముందు ట్రాన్సితో అనే పేరుగల అతని తండ్రి.

ఆ మూలకు ఊళ్ళో ఒక ప్రత్యేకత ఉంది. బ్యాట్ పట్టినవాడు సొంత దెబ్బతో ఫస్ట్ బేస్ చేరితే అది హిట్. ఎదుటివాడు పట్టవలసిన బంతిని జారవిడిచినందువల్ల చేరితే అది ఎర్రర్, కొట్టినవాడి లెక్కలోకి రాదు. ఏది ఏదో తేల్చేవాడు స్కోరరు. అతను పైన చెక్క గదిలో కూర్చుని, హిట్ అయితే ఒక చెయ్యి పైకెత్తుతాడు, ఎర్రర్ అయితే రెండు చేతులూ ఛాతీ ముందు అడ్డంగా పెడతాడు. లౌడ్‌స్పీకరు గరగరలు ఎవరికీ అర్థం కావు, ఆ గది కిటికీ సగం మందికి కనపడదు. అందుకని బాజావాళ్ళు ఆ చేతిని చూస్తారు, జనం బాజావాళ్ళను చూస్తారు. చెయ్యి లేస్తే బాకా మీద దియానా మోగుతుంది, గుక్క తిప్పుకోకుండా ఊదే చిన్న విజయగీతం. చేతులు అడ్డం పడితే మూల మౌనంగా ఉంటుంది. సాన్ బ్లాస్‌లో హిట్ అంటే దియానా.

ఆ ఏడు ఊరంతా ఒకటే ధ్యాస. నోర్లాన్ సెకెయిరా అనే పాతికేళ్ళ కుర్రవాడు వరసగా ప్రతి ఆటలోనూ కనీసం ఒక్క హిట్ కొడుతూ పోతున్నాడు. ఆ ప్రాంతపు లీగ్‌లో అలాంటి వరస రికార్డు ముప్పై రెండు ఆటలు. ముప్పై ఏళ్ళకు పైగా కదలలేదు. దాని యజమాని క్రిసాంతో ఒబాందో ఆ ఊరివాడే. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, ప్రతి ఆటకూ కర్ర పట్టుకుని వచ్చి, బాజా మూలకు రెండు మెట్లు కింద కూర్చుంటాడు.

క్రిసాంతో వరస తెగిపోయిన రోజు లియోన్సియోకు బాగా గుర్తు. అప్పటికి అతనికి మీసాలు వస్తున్నాయి. తండ్రి పక్కన తాళాలు వాయించేవాడు. క్రిసాంతో కొట్టిన చివరి బంతి, రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ చేతికి తగిలి కింద పడింది. స్కోరరు తటపటాయించాడు. జనమంతా ట్రాన్సితో వైపు తిరిగి "ఊదు! ఊదు!" అని అరిచారు. ట్రాన్సితో బాకాను పెదవుల నుంచి దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాసేపటికి స్కోరరు చేతులు అడ్డం పెట్టాడు. తరువాత ఎవరడిగినా ట్రాన్సితో ఒకే మాట అనేవాడు: "బంతి వాడి అరచేతికి తగిలింది. నేను చూశాను." ఆ మాటకు ఊరు అతన్ని చాలాకాలం మన్నించలేదు. మూగ బాకా కొడుకని లియోన్సియోను వీధిలో పిలిచేవారు. అతను తండ్రిని చూసి సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గును పైకి చెప్పుకోకుండానే పెద్దవాడయ్యాడు.

నోర్లాన్ రికార్డును సమం చేయవలసిన ఆదివారం, ఆట మొదలుకాక ముందు, మెట్ల దగ్గర తిండి అమ్మే ఎర్మెలిందా అరిటాకుల్లో ఉడికిన యూకా దుంప, దాని మీద పంది చర్మపు వేపుడు, క్యాబేజీ పెట్టి ఇస్తోంది. డోలు వాయించే చీలో నోటినిండా కుక్కుకుని మాట్లాడుతున్నాడు.

"బాకాకి ఇవాళేమన్నా తేనె రాశావా, గురూ?"

"నీ నోటికి కుట్లేస్తా ముందు. నమిలి మాట్లాడు."

"నేను నమల్తాలే. నువ్వు మాత్రం మీ నాన్నలాగా కీలక సమయానికి బాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చోకు."

ఎర్మెలిందా గరిటెతో చీలో భుజం మీద తట్టింది. "చచ్చిపోయినాయన్ని ఎందుకు లాగుతావురా, తిండిపోతు వెధవా! డబ్బులిచ్చి కదులు."

"నేనేమన్నానమ్మా? ఊరంతా అనేదేగా!"

లియోన్సియో నవ్వాడు. ఆ నవ్వు ఎర్మెలిందాకు నచ్చలేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా నోర్లాన్‌కు ఒక్క హిట్ కూడా పడలేదు. చివరిసారి బ్యాట్ పట్టినప్పుడు స్టేడియంలో వేరుశనక్కాయలు ఒలిచే చప్పుడు కూడా ఆగిపోయింది. అతను కొట్టిన బంతి నేల మీద ఒక్క గెంతు వేసి సూటిగా షార్ట్‌స్టాప్ దగ్గరకు పోయింది. అది తేలికైన బంతి. ఊళ్ళో ఏ ముసలావిడైనా కొంగులో పట్టుకోగలిగిన బంతి. షార్ట్‌స్టాప్ గ్లవ్‌లో పడింది, అక్కడ ఒక్క క్షణం నిలిచింది, వాడి తొందరలో జారి కాళ్ళ దగ్గర పడింది. నోర్లాన్ ఫస్ట్ బేస్ దాటాడు.

లియోన్సియో అంతా చూశాడు. గ్లవ్‌లో నిలిచిన ఆ క్షణాన్ని కూడా చూశాడు. సందేహమనేది ఉంటే అతనికి అది ఒక సాకు అయ్యేది, కానీ ఆ సందేహమే లేదు. జనం తన వైపు తిరగడం కూడా చూశాడు. పైన కిటికీలో స్కోరరు అబెలార్దో తెర్సేరో రెండు చేతులూ కదలడం మొదలుపెట్టాయి, ఇంకా ఏ రూపమూ తీసుకోలేదు. అప్పుడు లియోన్సియో బాకా పెదవులకు ఆనించి ఊదాడు.

మనిషి చేసే పనుల్లో ఆలోచించి చేసినవే తనవని, తొందరలో చేసినవి పరిస్థితివని అనుకోవటం మనకు ఇష్టం. కానీ ఆలోచనకు వ్యవధి లేనప్పుడు బయటికి వచ్చేది ఎన్నో ఏళ్ళుగా లోపల సిద్ధంగా కూర్చున్నదే. ఆ దియానాలో నోర్లాన్ మీద ప్రేమ కొద్దిగా ఉంది. మూగ బాకా కొడుకు అనిపించుకున్న కుర్రవాడి కసి చాలా ఉంది.

చీలో డోలు అందుకున్నాడు. తారాజువ్వలు లేచాయి. చెక్క గది కిటికీలో రెండు చేతులూ ఆగిపోయి, ఒకటి కిందికి దిగి, రెండోది నెమ్మదిగా పైకి లేచింది. ఊదుతూనే లియోన్సియో కళ్ళు కిందికి తిప్పాడు. రెండు మెట్ల కింద క్రిసాంతో వెనక్కి తిరిగి అతన్నే చూస్తున్నాడు. మైదానం వైపు కాదు.

సాయంత్రం పార్కులో నోర్లాన్ చుట్టూ జనం. లియోన్సియోను చూడగానే అతను వాళ్ళను దాటుకుని వచ్చి వాటేసుకున్నాడు.

"బాబాయ్, నిజం చెప్తున్నా, బేస్ మీద నిలబడి నాకే అనుమానం. పోయింది అనుకున్నా. అంతలో నీ బాకా! అమ్మయ్య, హిట్టే అనుకున్నా. నువ్వు ఊదావంటే ఇక అనుమానమేంటి?"

"నువ్వు కొట్టావు. నేనూదాను. అంతేగా," అన్నాడు లియోన్సియో.

"అంతే అంటావేంటి! రమ్ తాగు, నాది."

అతను తాగాడు. గ్లాసు తిరిగిచ్చి ఇంటిదారి పట్టాడు.

మరునాడు పొద్దున్నే అతను క్రిసాంతో ఇంటికి వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో దారిలో తనకు తాను ఒక రకంగా చెప్పుకున్నాడు. నిజం మరో రకం. లీగ్ నియమం ప్రకారం స్కోరరు తన నిర్ణయాన్ని మరునాటి మధ్యాహ్నం దాకా మార్చుకోవచ్చు. ఆ తరువాత అది ఎప్పటికీ మారదు. ఈలోగా ఎవరైనా తనను ఆ భారం నుంచి తప్పిస్తే బాగుండునని అతను కోరుకున్నాడు.

క్రిసాంతో పెరట్లో కోళ్ళకు జొన్నలు వేస్తున్నాడు. కూర్చోమనలేదు.

"నిన్న నాకు బాగానే కనపడింది. అడక్కు," అన్నాడు.

"నేనింకా ఏమీ అడగలేదండీ, డాన్ క్రిసాంతో."

"అడగడానికే వచ్చావు. పర్లేదులే లియోన్సియో, ముసలాడినయ్యాను, రికార్డు నాకెందుకు, అని నా చేత అనిపించుకుని తేలిగ్గా పోదామని వచ్చావు. అనను. నాకు కావాలి. ఆ ఒక్కటి తప్ప నాకేముంది చెప్పుకోడానికి? ఈ కోళ్ళా?"

"మరి స్కోరరు మేష్టారి దగ్గరకు వెళ్ళి చెప్పమంటారా?"

"అదీ అనను. ముసలోడు తన రికార్డు కోసం ఏడ్చి మార్పించుకున్నాడంటారు. చూశావా నన్నెక్కడ నిలబెట్టావో? నోరు తెరిస్తే స్వార్థం, మూసుకుంటే నష్టం."

లియోన్సియో టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"మీ నాన్నని ఆ రోజు నేను స్టేడియం మధ్యలో నిలబడి బూతులు తిట్టాను," అన్నాడు క్రిసాంతో మళ్ళీ, కోళ్ళవైపు చూస్తూనే. "ఆ తర్వాత చాలా ఏళ్ళు మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు శవం వెనక నడిచానే గానీ, బతికుండగా ఒక్కమాట అనలేకపోయాను. ఆయన మంచిపని చేశాడని నీకు చెప్పను. ఇప్పటికీ నాకు మండుతూనే ఉంటుంది. కానీ ఒకటుంది. ఆ ముప్పై రెండిట్లో ఏదైనా దొంగదేమోనని నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు. నోర్లాన్ చూసుకుంటాడు. ఇవాళ కాకపోతే నా వయసొచ్చాక. ఇక పో. కోళ్ళు బెదురుతున్నాయి."

స్కోరరు అబెలార్దో తెర్సేరో ఆదివారం తప్ప మిగతా రోజుల్లో బడిపంతులు. లియోన్సియో వెళ్ళేసరికి పిల్లలు బయట ఆడుకుంటున్నారు. మేష్టారు నల్లబల్ల తుడుస్తూ తిరిగి చూశాడు. చూడగానే ఎందుకు వచ్చాడో అర్థమైనట్టుంది, గుడ్డ కింద పెట్టాడు.

"అది ఎర్రర్ మేష్టారూ."

"తెలుసు."

"తెలిసి మరి చెయ్యెందుకెత్తారు?"

మేష్టారు సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేశాడు. "నువ్వు నాకంటే దగ్గరున్నావు, నాకు కనపడనిదేదో నీకు కనపడిందనుకున్నాను అని రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. జనం అప్పటికే ఎగురుతున్నారు. అంతమంది ముందు చేతులు అడ్డం పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. అంతే."

"ఇంకా టైముందిగా. మార్చండి."

"మారుస్తాను. కారణం చెప్పాలి. నేనే తప్పు చూశానని చెప్పొచ్చు. లేదా బాకా ముందు మోగింది, నేను దానికి లొంగాను అని చెప్పొచ్చు."

లియోన్సియో నేల చూశాడు. "నా పేరు లేకుండా కుదరదా?"

"కుదురుతుంది. హాయిగా కుదురుతుంది," అన్నాడు మేష్టారు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే లియోన్సియోకు ఎక్కువ గుచ్చుకుంది.

అతను సరేనని బయటికి నడిచాడు. బడి గేటు దాకా వెళ్ళాడు. అక్కడ పిల్లలిద్దరు నిన్నటి ఆట ఆడుతున్నారు: ఒకడు కర్రతో రాయి కొట్టి పరిగెత్తాడు, రెండోవాడు రాయి ఎక్కడ పడిందో చూడకుండానే పిడికిలి నోటికి పెట్టుకుని దియానా ఊదాడు. లియోన్సియో కాసేపు గేటు చువ్వ పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చాడు.

"నా పేరు చెప్పండి," అన్నాడు.

"చూసుకో."

"చెప్పండి మేష్టారూ. మళ్ళీ అడిగితే మాట మార్చేస్తాను."

మధ్యాహ్నపు రేడియోలో మేష్టారిదీ లియోన్సియోదీ రెండు పేర్లూ వచ్చాయి. నోర్లాన్ వరస రికార్డుకు ఒక ఆట తక్కువగా ఆగిపోయింది. సాయంత్రం అతను ఊయలల పాకకు వచ్చాడు. లోపలికి రాలేదు.

"నువ్వు ఊదకపోతే మేష్టారు నిన్ననే ఎర్రర్ అనేవాడు," అన్నాడు. "ఇంటికి పోయి ఏడ్చేవాణ్ణి, ఐపోయేది. ఇప్పుడు పక్క ఊరివాళ్ళు ఫోన్ చేసి దొంగ హిట్టోడా అంటున్నారు. నేనేం దొంగిలించాను బాబాయ్? నువ్వు ఊదావు, నేను నమ్మాను."

లియోన్సియో అల్లుతున్న నూలు కింద పెట్టి గుమ్మం దాకా వచ్చాడు. నిజం చెప్పినంత మాత్రాన తేలికపడతామన్న ఆశ అతనికి ఆ గుమ్మం దగ్గరే పోయింది. పొద్దున తన ఒక్కడిదిగా ఉన్న సిగ్గు సాయంత్రానికి మరొకరి మీద కూడా పడింది. చెప్పడం తప్పని దీనికి అర్థం కాదు. ఆలస్యంగా చెప్పిన నిజం వడ్డీ ఎవరి దగ్గర వసూలు చేస్తుందో చెప్పినవాడి చేతిలో ఉండదు.

క్రిసాంతో ఏనాడూ అతనికి కృతజ్ఞత చెప్పలేదు. తరువాతి ఆదివారం ఎప్పటిలాగే వచ్చి, రెండు మెట్ల కింద కాక అవతల ఫస్ట్ బేస్ వైపు వెళ్ళి కూర్చున్నాడు.

లియోన్సియో బృందాన్ని వదల్లేదు. వదిలితే అందరికీ సులువయ్యేది. అతను ప్రతి ఆదివారం వస్తాడు. కిటికీలో చెయ్యి లేచినా ఊదడు. లౌడ్‌స్పీకరులో మాట పూర్తయ్యేదాకా బాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. ఈలోగా జనం గోల చేస్తారు. "నిద్రపోయావా ముసలోడా!" అంటాడొకడు. "పెళ్ళైపోయాక సన్నాయిరా వీడిది!" అంటాడు చీలో, డోలు మీద కర్ర ఆనించి. నారింజ తొక్కలు వచ్చి చొక్కా మీద పడతాయి. అతను వాటిని దులుపుకుంటాడు, మాట పూర్తయ్యేదాకా ఆగుతాడు, అప్పుడు ఊదుతాడు. నోర్లాన్ కొట్టినప్పుడు కూడా అంతే.