అన్న కాళ్లు, విమానం తోక

నేను బి.ఏ. పాసయ్యాను! అరవై తొమ్మిదో ఏట, ఇంట్లో కూర్చుని చదివి, సెకండ్ క్లాసులో! పొద్దున పోస్టులో వచ్చిన కాగితాన్ని మనవరాలు మూడుసార్లు చదివి వినిపించింది, నాలుగోసారి నేనే చదువుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ తెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. కాలేజీకి వెళ్లే మనవరాలికి ఇంకో ఏడాది ఉంది, అందుకే కాస్త మూతి ముడిచినట్టుంది. ముడవనీ. చిన్నప్పుడు ఏళ్ల తరబడి నేను పెట్టుకుని తిరిగిన ముఖమే అది.

మా అన్నని మెట్రిక్ దాకా చదివించారు. నన్ను నాలుగో తరగతిలోనే మాన్పించి, ఈ మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్ ఇంట్లో, నాన్న మగ్గం పక్కన నూలు కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. బడి నుంచి రాగానే అన్న కూడా గుంటమగ్గంలోకి దిగేవాడు. కాలికింద పలకని అడుగంటా తొక్కి, దారం మోసే నాడె అటు చివరికి చేరేదాకా అలాగే పట్టి ఉంచి, అప్పుడు రెండో పలక తొక్కేవాడు. నిద్రలో లేపినా ఆ కాళ్లు అలాగే ఆడేవి.

యుద్ధం రోజుల్లో విమానం నడపడం నేర్పడానికి కుర్రాళ్లని తీసుకుంటుంటే అన్న ఎంపికయ్యాడు. వాడు తెచ్చుకున్న బూట్లని అమ్మ దేవుడి గూటి కింద పెట్టి పసుపు కుంకుమ అద్దింది. అప్పటికి నా కాళ్లకి చెప్పులు కూడా లేవు. ఆ వారం నేను చుట్టిన కండెల్లో చిక్కుపడనిది ఒక్కటీ లేదు.

అన్న విమానం దింపుతాడంటే ఊరి బయటి మైదానానికి టాంగా కట్టించుకుని వెళ్లాం. చిన్న విమానం, తోకకి ఒక పలక, లోపల కాళ్లతో తొక్కితే అది అటూ ఇటూ తిరిగి నేల మీద దారి పట్టిస్తుందట. చక్రాలు నేలని బాగానే తాకాయి. అంతలో ముక్కు ఎడమకి లాగింది. తోక పలక పూర్తిగా కుడికి తిరిగి అక్కడే ఆగింది, విమానం కుడికి కొట్టుకుపోయింది. ఆపైన పూర్తిగా ఎడమకి, మళ్లీ ఆగడం. చివరికి విమానం గిర్రున తిరిగి, ఒక రెక్క దుమ్ములో గీసుకుంటూ నిలబడిపోయింది.

అన్న క్షేమంగా దిగడం చూశాకే అరిచాను, అక్కసుతోనే అరిచాను, "అమ్మా, అన్న విమానం నడుపుతలేడే, చీర నేస్తుండు!"

మాతో వచ్చిన పేట నేతవాళ్లు పగలబడి నవ్వారు. "ఏందే, గింతమందిల అన్నను నవ్వులపాలు చేస్తవా!" అని అమ్మ వీపు మీద ఒకటి వేసింది.

నేర్పే సాహెబు అప్పటికే అన్నని ఇంటికి పంపించేస్తానని అంటున్నాడట. ఆ నవ్వు ఎందుకని ఆయన అడిగితే నాన్న మరాఠీలో చెప్పాడు. సాహెబు నవ్వలేదు. నన్ను పిలిచి అడిగితే, అరచేతులతో తొక్కి చూపించాను. మర్నాటి నుంచి అన్నని స్టూలు మీద కూర్చోబెట్టి, కొంచెం తొక్కగానే వదిలెయ్యడం నేర్పించాడు. కొన్నాళ్లకి అన్న విమానాన్ని గీత గీసినట్టు దించాడు.

ఆ రోజే సాహెబు నేనేం చదువుతున్నానని అడిగాడు. ఆడపిల్ల, కండెలు చుడుతుంది అన్నాడు నాన్న. సాహెబు తలూపి వెళ్లిపోయాడు. "నీ నోరే నన్ను బతికిచ్చింది చెల్లె" అని అన్న నెత్తి నిమిరితే నాకు ఇంకా మండింది. కనిపెట్టింది నా కళ్లు, ఎగిరింది వాడు.

ఇప్పుడు దాజీ పేట్‌లో గుంటమగ్గాలు లేవు. పవర్‌లూముకి మనిషి కాళ్లతో పనిలేదు, ఆ తొక్కుడు చూస్తే గుర్తుపట్టేవాళ్లం నాలుగు ముసలి ప్రాణాలం మిగిలాం. ఆడపిల్లలు గుంపులుగా కాలేజీకి పోతుంటే సంతోషంగానే ఉంటుంది, కడుపులో ఎక్కడో కాస్త మంటగానూ ఉంటుంది.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు: నీలం నగర్‌లో చిన్న చెల్లెలు, షిఫ్టు దిగాక పెద్దబ్బాయి, అశోక్ చౌక్‌లో నా పరీక్ష ఫారాలు నింపిపెట్టిన మాస్టారు, వరంగల్‌లో మా ఆడబిడ్డ, పూనాలో అన్న. అన్నకి అందరికన్నా చివర్న. వాడు సంతోషిస్తాడు, తెలుసు. దానికి ముందు ఒక్క నిమిషం వాడూ మూతి ముడిస్తే బాగుండు.