కాలువకు నీళ్ళొచ్చిన వారం

కంకిపాడు దగ్గర ఒక పేటలోని చర్చికి నేను పాస్టరుగా వెళ్ళిన మొదటి వారంలోనే మా ఆయన చేత ఒక గేదెకు ప్రార్థన చేయించారు.

మా వైపు పాస్టరును అయ్యగారు అంటారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు. పాస్టరే ఆడమనిషి అయితే ఏమనాలో అప్పటిదాకా ఎవరికీ అవసరం పడలేదు. కాబట్టి నేను అమ్మగారినే అయ్యాను. విజయవాడ బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే మా ఆయన ఉన్నపళంగా అయ్యగారైపోయారు. కొత్త ఇల్లు కట్టుకున్నా, పిల్లాడికి జ్వరం వచ్చినా మనుషులు నన్ను దాటుకుని వెళ్ళి ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయనకేమో నలుగురిలో నోరు పెగలదు. చెమటలు తుడుచుకుంటూ, "ప్రభువా, నీకు అన్నీ తెలుసు కదా, ఆమేన్" అనేవారు. నా ప్రార్థనలు బాగా పొడుగని అప్పటికే పేరు పడింది. దాంతో ఆయన ప్రార్థనకు గిరాకీ ఇంకా పెరిగింది. ఇంటికొచ్చి నేను గిన్నెలు ఎత్తి పడేస్తుంటే ఆయన నవ్వాపుకోలేక పెరట్లోకి పోయేవారు. ఇప్పుడు తలచుకుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నేనూ అలాంటి పేటలోనే పుట్టాను, ఉయ్యూరు దగ్గర. మా అమ్మా నాన్నా చెరుకు నరికే కూలీలు. నాకు అక్షరాలు వచ్చింది సండే స్కూల్లోనే. ఊళ్ళో మమ్మల్ని చిన్నా పెద్దా తేడా లేకుండా ఒరే, ఒసే అని పిలిచేవాళ్ళు. మా సండే స్కూలు టీచరుగారు మాత్రం చీమిడి ముక్కు పిల్లల్ని కూడా "రండమ్మా, కూర్చోండి" అనేవారు. ఆ పిలుపు కోసమే నేను వారమంతా ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఆవిడలా కావాలనే వేదాంత కళాశాలలో చేరాను. చదువైపోయాక నాతో చదివిన మగవాళ్ళకు చర్చిలు ఇచ్చారు, నాకు విజయవాడ ఆఫీసులో క్రైస్తవ విద్యా విభాగంలో ఒక కుర్చీ ఇచ్చారు. తొంభైల్లో నా కాలమంతా ఆ పనిలోనే గడిచింది. సండే స్కూలు పాఠాలు రాయడం, ఎండాకాలం సెలవుల్లో బైబిలు బడులు నడపడం, బొమ్మల అట్టలు సంచిలో పెట్టుకుని బస్సులెక్కి హనుమాన్ జంక్షన్ దాకా ఊరూరా తిరిగి టీచర్లకు శిక్షణ ఇవ్వడం. ఆ పనంటే నాకు ప్రాణం. కానీ నేను పాఠం చెప్పిన పిల్లలు పెద్దవాళ్ళై బాప్తిస్మానికి కాలువలో దిగిన రోజున నేను గట్టు మీద తువాళ్ళు పట్టుకుని నిలబడేదాన్ని. అది మాత్రం ఎప్పుడూ మింగుడు పడలేదు.

కొత్త శతాబ్దం వచ్చాక మా వాళ్ళ మనసు మెత్తబడి ఆడవాళ్ళను కూడా పాస్టర్లుగా అభిషేకించడం మొదలుపెట్టారు. అలా దొరికిన మొదటి చర్చి ఈ పేటలోది.

పేటకు ఒక సంఘ పెద్దగారు ఉండేవారు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, మాట తక్కువ. నేను దిగిన రోజే మర్యాదగా విషయం చెప్పేశారు.

"అమ్మగారండీ, మీరు ప్రసంగం చెప్పండి, పిల్లల్ని చూసుకోండి. బల్లకీ బాప్తిస్మానికీ ఉయ్యూరు అయ్యగారు వత్తారు. ఏమీ అనుకోమాకండి."

బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. మా సంఘంలో బాప్తిస్మం అంటే మనిషిని నీళ్ళలో పూర్తిగా ముంచి లేపడం. అది పొందినవారికే బల్లలో చోటు. ఈ రెండూ లేని పాస్టరుకు మిగిలేది నా పాత ఉద్యోగమే.

"ఎందుకండీ అలా?" అని గట్టిగానే అడిగాను.

"ఊళ్ళో మన మాటకి విలువెంతో మీకు తెలీదేంటండీ? నన్ను గారు అనేది ఈ గుళ్ళోనే. ఇప్పుడు మన అయ్యగారు ఆడమనిషంట అని వాళ్ళు నవ్వితే, ఉన్న ఆ కాస్తా పోద్ది."

ఆ మాటకు నా కోపం సగం చల్లారింది. మా నాన్న కూడా అదే మాట అని ఉండేవాడు. మిగతా సగం కోపం మాత్రం చాలా నెలలు భద్రంగా దాచుకున్నాను.

ఎండలు ముదిరే వేళకు ఇంకో కబురు తెలిసింది. పెద్దగారు మరికొందరిని వెంటబెట్టుకుని వర్షాలు పడ్డాక విజయవాడ ఆఫీసుకు వెళ్ళి మగ పాస్టరును అడగబోతున్నారు. కారణం ఏమిటంటే, నేను వచ్చి ఏడాది కావస్తున్నా నా చేతి మీదుగా ఒక్క బాప్తిస్మం కూడా జరగలేదట! చేయనివ్వంది వాళ్ళే, జరగలేదని చెప్పబోతున్నదీ వాళ్ళే. మా నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది, బాప్తిస్మం తీసుకునే మనిషి తన స్థానిక పాస్టరే ఇవ్వాలని కోరుకుంటే ఎవరూ కాదనకూడదు. కానీ ఎవరూ కోరలేదు. ఒక్కరు కోరినా నేను అక్కడ నిలబడతాను, లేదంటే మళ్ళీ ఆఫీసు కుర్చీయే.

ఆ రోజుల్లో నాకు అండగా ఉన్నది, విచిత్రంగా, పెద్దగారి భార్యే. భారీ మనిషి, నోరు కూడా అంతే. సండే స్కూలు పిల్లల్ని పేటంతా తిరిగి పోగు చేసుకొచ్చేది ఆవిడే. బల్ల జరిగే ఆదివారం మాత్రం అల్లరి చేస్తారంటూ పిల్లల్ని తీసుకుని అరుగు మీదకు వెళ్ళిపోయేవారు. ఎంత సేవా భావం అనుకునేదాన్ని.

ఒక ఆదివారం ఉయ్యూరు అయ్యగారు లోపల రొట్టె విరుస్తుంటే నాకు కూర్చోబుద్ధి కాలేదు. నేనూ లేచి అరుగు మీదకు వచ్చి ఆవిడ పక్కన కూలబడ్డాను.

"మీరు లోపలికెళ్ళండి పెద్దమ్మా, పిల్లల్ని నేను చూస్తా. మీ వంతు రొట్టె తీసుకుని రండి" అన్నాను.

"నాకు వంతెక్కడిదమ్మగారూ? నేను బాప్తిస్మం తీసుకోలేదు గదా."

నేను నమ్మలేదు. సంఘ పెద్ద భార్య! నా మొహం చూసి ఆవిడ నవ్వారు.

"నీళ్ళంటే భయమని మా ఆయన అడిగినోళ్ళకి చెప్తాడు. భయమేంది, నేను కాలవలో ఈత నేర్చుకున్నదాన్ని. పెళ్ళైన కొత్తలో ఒకసారి చూశాను. అప్పటి అయ్యగారు ఒకమ్మాయిని నడుం పట్టుకుని ముంచాడు. ఆయన తప్పేం లేదు, మంచాయనే. కానీ ఆ పిల్ల తడిసిన చీరతో గట్టెక్కుతుంటే వంతెన మీద ఊళ్ళో కుర్రోళ్ళు నిలబడి చూత్తన్నారు. నా వల్ల కాదని ఆరోజే అనుకున్నాను. ఇంత వయసొచ్చింది, ఇంకా నా వల్ల కావట్లేదు."

పిల్లలు అరుగు చుట్టూ అరుస్తూ తిరుగుతున్నారు. లోపల పాట అందుకున్నారు. బల్ల దగ్గరికి పోలేని ఇద్దరం ఆడవాళ్ళం పక్కపక్కన కూర్చున్నాం. చుట్టూ చీరలు కట్టి, నీళ్ళలోకి ఆడవాళ్ళమే దిగుదామా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"మీరు బక్కపలచగా ఉంటారు. నన్ను లేపగలరా?" అన్నారు చివరికి.

"లేపుతాను" అన్నాను. ఎలాగో నాకూ తెలియదు.

కాలువ కట్టేసి ఉంది, అడుగున బురద ఎండి పగుళ్ళిచ్చింది. నీళ్ళు వదిలేది జూన్‌లోనే. ఈలోగా ఇంట్లో మా ఆయనను వెనక్కి వాల్చి లేపడం సాధన చేశాను. మొదటిసారి ఇద్దరం కలిసి పెరట్లో దబ్బున పడ్డాం. "దీనికన్నా గేదెకు ప్రార్థన చేయడం నయం" అన్నారాయన మోచెయ్యి దులుపుకుంటూ. పేటలో సంగతి పొక్కింది. పెద్దగారు నాతో ఒకే మాట అన్నారు. "అది నా మాటే వినదండీ, మీ మాట విన్నదా?" ఆ గొంతులో కోపం ఉందో, ఆశ్చర్యం ఉందో నాకు అందలేదు.

కాలువకు నీళ్ళొచ్చిన వారం, తెల్లవారగానే వెళ్ళాం. నీళ్ళు ఎర్రగా, చల్లగా ఉన్నాయి. పేట ఆడవాళ్ళు నాట్లకు కట్టుకునే పాత చీరలు తెచ్చి కర్రలకు కట్టి, నీళ్ళలో దిగి వంతెన వైపు అడ్డంగా పట్టుకున్నారు. చీరలు చాలని చోట వాళ్ళే భుజం భుజం ఆనించి నిలబడ్డారు. మగవాళ్ళను అటు తిరగమన్నాం. గట్టు మీద అందరికన్నా ముందు వీపు తిప్పినవారు పెద్దగారే.

నడుము లోతు నీళ్ళలోకి దిగాక నేను ఆవిడ చేయి వదల్లేదు. ఆవిడ నా చెవిలో, "భయపడమాకండి, నేనున్నాను గదా" అన్నారు. పాస్టరును నేనా, ఆవిడా! తండ్రి పేరు, కుమారుని పేరు, పరిశుద్ధాత్మ పేరు పలికి ఆవిడను వెనక్కి వాల్చాను. లేపబోతే ఆవిడ కదల్లేదు, నా పాదం బురదలో జారింది. ఆ క్షణంలో నా ఉద్యోగమంతా నీళ్ళపాలైందనుకున్నాను. అంతలో పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు చీర కర్రలు వదిలేసి చేతులు వేశారు. అందరం కలిసి ఒక్క ఊపున లేపాం. ఆవిడ నీళ్ళు ఉమ్మి, జుట్టు వెనక్కి తోసుకుని, గట్టిగా నవ్వారు. అక్కడున్న ఆడవాళ్ళందరూ నవ్వుతూ ఏడ్చారు. నేనైతే సిగ్గు లేకుండా ఏడ్చాను. చేయి వేసిన ఆ ఇద్దరిలో ఒకామె, "నాకూ ఎప్పుడిత్తారు అమ్మగారూ?" అంది. ఆమె కూడా ఇన్నేళ్ళూ నీళ్ళంటే భయమని చెప్పుకున్న మనిషేనట.

పొడి చీర కట్టుకుని గట్టెక్కాక పెద్దగారు దగ్గరికి వచ్చారు. నేలను చూస్తూ మాట్లాడారు.

"ఆఫీసుకెళ్ళే పని లేదులెండి. ఆదివారం ఉయ్యూరు అయ్యగారిని కూడా రావద్దని కబురు పెట్టాను. బల్ల మీరే ఇవ్వండి. పళ్ళెం నేను పట్టుకుంటాను."

ఆ ఆదివారం నా చేతులతో మొదటిసారి రొట్టె విరిచాను. నేను రొట్టె ఇస్తూ ముందు నడుస్తుంటే, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ఉన్న పళ్ళెం పట్టుకుని పెద్దగారు నా వెనకే వచ్చారు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో ఆవిడ చాప మీద కూర్చుని ఉన్నారు. పిల్లల్ని ఆవేళ మా ఆయన అరుగు మీద ఆడిస్తున్నారు. నేను రొట్టె ఇచ్చాను. ఆవిడ రెండు చేతులూ చాచి తీసుకున్నారు.

పెద్దగారు ఆవిడ ముందు ఆగారు. పళ్ళెంలో గ్లాసులు సన్నగా గలగలమన్నాయి. పెళ్ళైనప్పటి నుంచీ ఆయన ఆవిడను ఒసే అనడం తప్ప ఇంకోలా పిలవగా పేటలో ఎవరూ వినలేదు. ఆయన నడుము వంచి పళ్ళెం ముందుకు చాపారు.

"తీసుకోండి" అన్నారు.