గాలి విప్పిన ఆకీ కాయలు

1951 ఆగస్టు 20, సోమవారం, ఉదయం ఏడున్నర గంటలు. తుపాను దాటిపోయినా సన్నని జల్లు విడువలేదు. వైద్యశాలలో మందులు కలిపే ఉద్యోగిని నేను; రోగులను చూడడానికి ఊళ్లోకి వెళ్లి, పైకప్పు ఎగిరిపోయిన ఒక ఇంటి గుమ్మంలో ఐసిల్డా బ్రామర్‌ను మొదటిసారిగా చూశాను. ఆమె ఒడిలో ఆరేళ్ల మనుమరాలు మెర్లీన్ వాంతులతో సొమ్మసిల్లి ఉన్నది.

ఐసిల్డా మా ద్వీపంలోని మోరంట్ బే పట్టణపు దారిపక్కన ఉప్పుచేపతో ఆకీ అనే చెట్టుకాయను వండి అమ్ముకుని బ్రతికిన మనిషి. కాయ చెట్టు మీద తనంతట తాను విచ్చుకొని నల్లని గింజలు చూపితే "నవ్వింది" అంటారు. నవ్వని కాయలో విషం ఉంటుంది కనుక దానిని ఆమె ఎన్నడూ కోయలేదు. తొందరపడి కోసిన వారిని ఆమె తిట్టిన తిట్లు బజారంతా ఎరుగును.

శుక్రవారం రాత్రి తుపాను గాలికి ఆమె పెరటి ఆకీ చెట్టు కూలింది. రెండు రోజులు ఆ ఇంట పొయ్యి వెలగలేదు. ఆదివారం మునిమాపు చీకటిలో ఆమె నేల మీది విచ్చిన కాయలను తడుముకుంటూ ఏరి వండింది.

"ఏం తిన్నారమ్మా?" అని అడిగాను.

"ఆకీయే బాబూ. అన్నీ నవ్విన కాయలే."

కంచె అవతల నుంచి పొరుగింటి డోర్కస్ అందుకున్నది. "నవ్వాయా అత్తా? కిందపడి మూతి పగిలాయా? ఊరందరికీ పాఠాలు చెప్పేదానివి కదా!"

ఐసిల్డా ముఖం పాలిపోయింది. "తర్వాత తిడుదువు గానిలే, ముందు కాస్త చక్కెర తేవే."

"మా చక్కెర డబ్బా సముద్రంలో ఉంది, వెళ్లి అడుగు," అంటూనే డోర్కస్ చెరకు గడ నరికి తెచ్చి, నమిలి పిండిన రసం చెంచాలో పట్టింది.

"మింగు తల్లీ. ఒక్క గుక్క," అని బతిమాలింది.

మెర్లీన్ పళ్లు బిగుసుకుపోయాయి. రసం చెంప మీదుగా జారింది. నరంలోకి ఎక్కించే చక్కెర నీటి సీసాలు వైద్యశాలలో ఒక్కటీ పగలకుండా మిగలలేదు.

నవ్వని ఆకీలోని విషం చేసే పని శాస్త్రజ్ఞులు తరువాతి కాలంలో తేల్చారు. శరీరం చక్కెర అణువులను గొలుసులుగా కూర్చి కాలేయంలో దాచుకుంటుంది. ఆ నిల్వ తీరితే కొవ్వును తునకలుగా తుంచి కాల్చుకుంటుంది. మాంసకృత్తులకు మూలమైన అమైనో ఆమ్లాల జాతిదే ఆకీ విషం. అది ఒంట్లో చేరి ఆ తుంచే పనిని అడ్డగిస్తుంది. ఐసిల్డాది పెద్ద ఒళ్లు, తిన్న విషం దానికి చాలలేదు, కనుక వాంతులతో గట్టెక్కింది. పస్తున్న చిన్నపిల్ల కాలేయంలో నిల్వ లేదు, అందుకే నెత్తుటిలో చక్కెర పడిపోయింది. ఇద్దరూ తిన్నది ఒకే కుండలోని కూర.

"అమ్మమ్మా" అన్న మాట కూడా మెర్లీన్ నోట మళ్లీ రాలేదు. పది కాకముందే ప్రాణం పోయింది.

మంగళవారం పిల్లను చర్చి వెనుక పాతిపెట్టారు. దారులు మూసుకుపోవడం వల్ల కింగ్‌స్టన్‌లో ఇంటిపనికి ఉన్న పిల్ల తల్లి వినెట్‌కు ఆ కబురు గురువారం గాని చేరలేదు. వినెట్ ఆ తరువాత ఎన్నడూ తన కన్నతల్లి ఐసిల్డా గడప తొక్కలేదు. ఐసిల్డా వంట మాని, బట్టలు ఉతికి బ్రతికింది. 1963 నవంబరులో పక్షవాతంతో మరణించింది. శవానికి స్నానం చేయించినది డోర్కస్.