చీముకు తలపాగా తీసిన కంపౌండరు

నౌపడ కంపౌండరు నీలకంఠానికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎక్కడ చీము కనిపించినా అతడు తలపాగా తీసి, చంకలో ఇరికించుకుని, కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించేవాడు. అది చంటిపిల్ల చెవిలో కారే చీము అయినా, గుమాస్తా మెడమీది సెగ్గడ్డయినా అతని మర్యాదలో హెచ్చుతగ్గులు ఉండేవి కావు. గుడి ముందునుంచి పోతూ ఒంటిచేత్తో దండం పెట్టి సాగిపోయే మనిషి, వ్రణం ఎదురైతే మాత్రం నిలువునా ఆగిపోయేవాడు.

ఒకసారి భార్య చిన్నతల్లిని వెంటబెట్టుకుని రావివలసలో ఒక పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళికొడుకు కంటిరెప్పమీద చిన్న కురుపు. సరిగ్గా తాళి కట్టే వేళకు, బాజాలు మిన్నంటుతున్న క్షణాన, నీలకంఠం లేచి నిలబడి తలపాగా తీశాడు. వెనక కూర్చున్న పెద్దలు, ఎవరో పోయారనుకుని, తామూ తలపాగాలు తీసేశారు. సన్నాయి ఆగిపోయింది. పెళ్ళికూతురి మేనమామ పరుగెత్తుకొచ్చాడు.

“ఏటైంది? ఎవులు పోనారు?”

“ఎంతమందని సెప్పను? ఆ కురుపుకాడే లచ్చల్లో పోనారు,” అన్నాడు నీలకంఠం గద్గదంగా.

వాళ్ళిద్దరినీ విస్తరి వేయకుండానే సాగనంపారు. నౌపడలో ఇంటి గడప తొక్కాక చిన్నతల్లి ఒక్క మాట అంది: “బూరెలు వండినారు. వాసన తగిలినాది.”

ఈ పిచ్చి అతనికి పుట్టుకతో వచ్చినది కాదు, టెక్కలిలో అంటుకుంది. అక్కడి ఆసుపత్రిలో సీసాలు కడిగే రోజుల్లో, రామూర్తి డాక్టరు ఒకనాడు చీము బొట్టును గాజుపలకమీద రాసి, రంగువేసి, తన ఇత్తడి సూక్ష్మదర్శిని కింద పెట్టి అతన్ని చూడమన్నాడు. “ఇవి తెల్లకణాలోయ్. నెత్తురులో కావలి తిరుగుతుంటాయి. గాయంలో క్రిములు చొరబడితే, నెత్తురునాళం గోడలోంచి దారంలా సాగి బయటికొస్తాయి. వచ్చి ఆ క్రిముల్ని మింగేస్తాయి. మింగి మింగి అక్కడే చస్తాయి. ఆ శవాల కుప్పే చీము అంటే,” అని చెప్పి, డాక్టరు చేతులు కడుక్కుని భోజనానికి వెళ్ళిపోయాడు. నీలకంఠం రెండు రోజులు అన్నం తినలేదు. తరవాత అతనికి కంపౌండరుగా నౌపడ బదిలీ అయింది. అక్కడి ఒంటిగది దవాఖానాలో సూక్ష్మదర్శిని కాదు గదా, సరైన బల్ల కూడా లేదు. అయినా అతనికి లోటనిపించలేదు. ఒక్కసారి చూసినది జన్మకు సరిపోయింది.

చిన్నతల్లికి ఇదంతా అర్థం కాక కాదు. అర్థమయ్యే ఒళ్ళు మండేది. నూతి దగ్గర ఆడవాళ్ళు ఆమెను ‘చీముదేవర పూజారమ్మ’ అనేవారు. మామిడిపళ్ళ రోజుల్లో వీధిలో ప్రతివాడికీ సెగ్గడ్డలే కనక, మొగుడితో కలిసి బజారుకు పోవడమంటే పది అడుగులకొక శ్రద్ధాంజలి.

“పదేళ్ళ కాపరం సేసినాను. నాకొక్కనాడు దండమెట్టినావా మావా?” అని ఒకనాడు నిలదీసింది.

“నీ వీపుమీద గడ్డ లేసినప్పుడు ఎట్టినాను గదే!” అన్నాడతను, నొచ్చుకుంటూ.

వాళ్ళ ఇల్లు దవాఖానాకు వెనక భాగమే. నడుమ ఉన్నది తడిక. తడిక ఇవతల అంబలికి చోడిపిండి కలుపుతూ ఆమె రోజూ వినే సంభాషణలు ఒక్క తీరుగానే ఉండేవి. ఉప్పుమడుల్లో పనిచేసే పోతురాజు మడమ పగిలి వచ్చిన నాడూ అంతే.

“మందెయ్యండి బాబూ, సలుపు సంపేత్తంది.”

“ఉండరా. నీకోసం సచ్చినోల్లకి ముందు దండమెట్టు.”

“ఎవులు బాబూ సచ్చినారు?”

“తెల్లోల్లు. నీ నెత్తురులో కావలి కాసే తెల్లోల్లు.”

పోతురాజు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మనం తీసిన ఉప్పుని మనకే అమ్మినోల్లు, మనకోసం సచ్చిపోతారేటి బాబూ?”

“ఆ తెల్లోల్లు కారురా! ఈల్లు రేయింబగళ్ళు పనిసేత్తారు. కూలడగరు. సచ్చిపోతే ఏడిసినోడు ఒక్కడూ నేడు.”

“అలగైతే మనలాటోల్లే,” అన్నాడు పోతురాజు, దండం పెట్టేస్తూ. “గజ్జల్లో బిళ్ళ కూడా కట్టినాది బాబూ.”

“అది ఆల్ల ఠాణా. దొంగలు దాటిపోకుండా అక్కడ మాటేసినారు. పిసకకు.”

తడిక ఇవతల చిన్నతల్లి నుదురు కొట్టుకునేది. ఏ ఊళ్ళోనైనా కంపౌండరు పెళ్ళామంటే ఒక గౌరవం. ఆమెకు దక్కింది ఈ శవజాగరణ.

ఇక ఉప్పుమడుల సంగతి. మడిలో పేరుకున్న ఉప్పు గాజుపెంకులా పాదాలను కోస్తుంది. కోసిన చోట ఉప్పునీరు ఊరుతుంది. కనక అక్కడ పుండులేని కాలు అరుదు. మేస్త్రీ కూర్మనాథానికి మాత్రం ఒక సిద్ధాంతం ఉండేది: పుండుకాలు దిగితే ఉప్పు మైలపడుతుంది. మైలపడిందో లేదో ఉప్పును అడిగిన వారెవరూ లేరు. రోజూ తెల్లవారుతూనే కూలీలను గట్టుమీద వరసగా నిలబెట్టి, పుండు కనిపించిన వాళ్ళను మానేదాకా రావద్దని తరిమేసేవాడు. పని లేని ఇంట పొయ్యి లేదు.

దానికి కూలీలు కనిపెట్టిన ఉపాయం మడి అడుగున ఉండే నల్లని బంకమట్టి. దాన్ని చీలమండల దాకా మెత్తుకుంటే ఎండి బూడిదరంగు జోడులా బిగుసుకుంటుంది. ఒక్కరు మెత్తుకుంటే అనుమానం వస్తుందని అందరూ మెత్తుకునేవారు. “సల్లదనం బాబూ” అనేవారు. వంగి కూలీల పాదాలు తోమి చూసేటంత వినయం కూర్మనాథానికి లేదు. అలా మట్టి పుండు నోరు మూసేది. బయటికి రావలసింది లోపలికి పోయేది.

నీలకంఠం దవాఖానా తెరవకముందు, రైలుస్టేషనులో టపా అందుకోవడానికి ఆ గట్టువెంటనే పోయేవాడు. నడకను బట్టి, పిక్క వాపును బట్టి, మట్టికింద ఏమున్నదో అతని కంటికి తెలిసిపోయేది. వెంటనే ఆగేవాడు, తలపాగా తీసేవాడు, దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. అతని వెనక ఏం జరిగేదో అతడెన్నడూ తిరిగి చూడలేదు.

అది చిన్నతల్లికి తెలిసింది వైశాఖంలో. వదినె పుట్టింటికి పోవడంతో, ఉప్పుమడుల్లో పనిచేసే అన్న గున్నయ్యకు ఆమె అంబలి పట్టుకెళ్ళింది. ముంత అందుకుంటున్న అతని చెయ్యి తగిలి ఉలిక్కిపడింది.

“ఒళ్ళు పెనంలాగ కాల్తంది. ఏటన్నా ఇది?”

“ఎండ.”

“ఎండకి ఒక్క కాలే వాచిపోద్దేటి? లెగు, మా మావకి సూపిత్తాను.”

“వొద్దే తల్లీ!” గున్నయ్య ముంత కింద పెట్టేశాడు. “బావకి సెప్పకు. నీకు దండమెడతాను. రేపు గట్టుమీద తలపాగా తీసెత్తాడు.”

“తీత్తే తీసినాడు. అందరికీ తీత్తాడు.”

“అందరికీ తీత్తే నాకు బయ్యమేటి? మేస్త్రీ ఇప్పుడు మా కాళ్ళు సూడ్డం మానీసినాడు. మీ ఆయన తలపాగా సూత్తన్నాడు. అది ఎవులికాడ ఊడితే ఆడు ఇంటికి. సన్యాసమ్మ ఎందుకు పోనాదనుకున్నావు?”

సన్యాసమ్మ ముసలిది. ఫాల్గుణంలో జ్వరం వచ్చి పోయిందని మాత్రమే చిన్నతల్లికి తెలుసు. తలపాగా పుణ్యమా అని మొదటిసారి పని పోయాక, రెండో పుండుకు ఆ ముసలిది దవాఖానా ఛాయలకు రాలేదట. మట్టి మెత్తుకుని, కంపౌండరు కనబడితే ఉప్పుకుప్పల వెనక దాక్కునేదట. ఆ కుప్పల వెనకనే ఒకనాడు పడిపోయింది.

ఆ సాయంత్రం నీలకంఠం కంచం ముందు కూర్చున్నాడు. చిన్నతల్లి అన్నం పెట్టలేదు, మాట పెట్టింది.

“నీ తెల్లోల్ల కోసం ఏడుత్తావు గదా, సన్యాసమ్మ కోసం ఏడిసినావా? ఆ ముసిల్దాన్ని జొరం సంపలేదు మావా. నీ తలపాగా సంపినాది.”

జరిగినదంతా చెప్పింది. అన్న కాలు సంగతి కూడా దాచలేదు. నీలకంఠం ఖాళీ కంచాన్ని పక్కకు జరిపాడు.

“‘కుళ్ళుకాళ్ళోల్లు’ అని ఊరోల్లు ముక్కు మూసుకుంటారే ఆ మడికూలోల్లని సూసి,” అన్నాడు. “గేటుకాడ జవానుకి కూడా ఆల్లే తల వొంచాలి. ఆల్లకి తలపాగా తీసినోడు ఈ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడేటి? ఒకడు తీత్తే, ఎర్రోడే తీసినా, ఆ పుండు సిగ్గుపడాల్సింది కాదని తెలుత్తాదనుకున్నాను.”

“తెలిసినాది. మేస్త్రీకి.”

అతను లేచిపోయాడు. చిన్నతల్లి అన్నం కుండమీద మూత పెట్టేసింది.

మర్నాడు తెల్లవారేసరికి అతను మామూలుకంటే శ్రద్ధగా తలపాగా చుట్టుకుని గట్టువైపు బయలుదేరాడు. అన్న దగ్గర ఆ గుడ్డ ఊడితే దాన్ని అక్కడికక్కడే ఉప్పునీళ్ళలో విసిరేస్తానని మొక్కుకుని, చిన్నతల్లి పైట బిగించి వెనకాలే నడిచింది.

గట్టుమీద నలభైఇద్దరు నిలబడి ఉన్నారు. కూర్మనాథం చేతులు వెనక్కి కట్టుకుని, ఆకాశంలో మబ్బు చూసే రైతులా తలపాగా వంక చూస్తున్నాడు. వరసలో మొదటివాడు పోతురాజు. మడమ మాని నెల దాటింది. నీలకంఠం అతని ముందు ఆగి తలపాగా తీశాడు.

“నాకేటీ నేదు బాబూ!” పోతురాజు కెవ్వుమన్నాడు. “మేస్త్రీ బాబూ, ఒట్టు! ఇదిగో గెంతుతాను సూడండి!” అని గెంతాడు కూడా.

నీలకంఠం అప్పటికే రెండోవాడికి దండం పెడుతున్నాడు. తరవాత మూడోవాడికి. ముసలికీ ముతకకీ, కుంటేవాడికీ కుంటనివాడికీ, నిన్ననే పనిలో చేరి ఇంకా పాదం తడవని కొత్తకోడలికీ. పదిహేడోవాడు గున్నయ్య. చిన్నతల్లి ఒక అడుగు ముందుకు జరిగింది. అన్నకు పెట్టిన దండం పదహారోవాడిదానికంటే రెప్పపాటు ఎక్కువా లేదు, పద్దెనిమిదోవాడిదానికంటే తక్కువా లేదు.

“ఏటయ్యా కంపౌండరూ!” కూర్మనాథం గుడ్లు మిటకరించాడు. “అందరికీ పుళ్ళేనేటి?”

“అందరికీ కావలోల్లున్నారు మేస్త్రీ. పుండున్నోడి కాడ పోరాడతన్నారు. పుండు నేనోడి కాడ గస్తీ తిరగతన్నారు. ఇన్నాళ్ళూ సచ్చినోల్లకే దండమెట్టినాను. బతికున్నోల్లని మరిసిపోనాను. తప్పు నాదే.”

“అయితే ఎవుల్ని ఇంటికి పంపీమంటావు?”

“నానేటి సెప్పను? అందరికీ తీసినాను. అందర్నీ పంపీ.”

కూర్మనాథం నలభైఇద్దరి వంకా చూశాడు. వాళ్ళ వెనక, ఎండకు మెరుస్తున్న, ఎవరూ ముట్టని మడుల వంకా చూశాడు. ఉప్పుశాఖ ఇన్‌స్పెక్టరు ఆ శనివారమే వస్తున్నాడు. మేస్త్రీ ఇంకా ఆ ఆలోచనలో ఉండగానే నీలకంఠం అతని ముందుకు వచ్చి, తక్కినవాళ్ళకు పెట్టినంత భక్తితోనే దండం పెట్టాడు. కూర్మనాథం ఎగిరిపడి పంచె పైకెత్తాడు. పిక్కలు తడుముకున్నాడు. మెడ తిప్పి మడమలు చూసుకోబోయి, ఒంటికాలిమీద ఒక చుట్టు తిరిగాడు. వరసలో ఎవరో దగ్గారు. ఆ దగ్గు పక్కవాడికి అంటుకుంది. నలభైఇద్దరూ పడీపడీ నవ్వారు.

“దిగండెహే మళ్ళలోకి!” అని అరిచాడు మేస్త్రీ. ఆ రోజునుంచి అతనికి ఆ తలపాగా వంక చూడడమంటేనే దడ.

గున్నయ్య ఆ మధ్యాహ్నమే దవాఖానాకు వచ్చాడు. గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి నీలకంఠం మట్టి పెళ్ళలు ఒక్కొక్కటే విడదీశాడు. లోపల ఉన్నదాన్ని చూసి చిన్నతల్లి బండి మాట్లాడడానికి పరుగెత్తింది. టెక్కలి తీసుకుపోతే డాక్టరు ఒక కాలివేలు తీసేశాడు గాని, కాలు నిలిచింది. ఇంకొక్క వారం మట్టిలో ఉండి ఉంటే మనిషే నిలిచేవాడు కాదన్నాడు.

టెక్కలినుంచి తిరిగి వచ్చిన మర్నాటి సాయంత్రం దవాఖానా ముందు పదిమంది దాకా కూలీలు, మట్టికాళ్ళతో, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ నిలబడి ఉన్నారు. లోపలికి రావడానికి ఎవరికీ అడుగు పడడం లేదు. చిన్నతల్లి ఇంట్లో ఉన్న కుండలన్నీ నీళ్ళతో నింపి పొయ్యెక్కించింది. నెల కట్టెలు ఒక్కపూటలో అయిపోతాయని గొణిగింది. గొణుగుతూనే తడిక పక్కకు లాగి, నడుంమీద చెయ్యి వేసుకుని బయటికి కేక వేసింది:

“రండర్రా లోపలికి! ఎందుకలాగ సిగ్గుపడిపోతన్నారు? మా మావకంటే ఇడ్డూరం ఏటుంటాది మీ కాళ్ళల్లో?”